ఆయతు మిగతా సగం కూడా చదవండి, హజ్రత్

కర్నూలులో మా పేట మసీదులో శుక్రవారం ప్రసంగం చేసే ఖతీబ్ గారికి, మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లి గారికి, కమిటీ పెద్దలకు

అస్సలాము అలైకుమ్.

ఖతీబ్ గారూ, ఈ ఉత్తరం మీ చేతికిచ్చి రావాల్సింది. రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి అసర్ నమాజు అయ్యాక మీరు ఎవరిదో నికాకు వెళ్లే తొందరలో ఉన్నారు. రెండోసారి కమిటీలో పెద్దాయన ఒకరు "మాస్టారూ, బీపీ మనిషివి, నీకెందుకీ టెన్షన్, ఇంటికి పో" అని భుజం తట్టి పంపించేశారు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. మసీదు పేరు రాయలేదు, మీ పేరూ రాయలేదు. మీ మీద నాకు కోపం లేదు. మా చిన్నమ్మాయి నికా చదివింది మీరే, మా అమ్మ జనాజా నమాజు చేయించిందీ మీరే.

విషయం మూడు వారాల కిందటి జుమ్మా (శుక్రవారం) బయానుది, అంటే మీ ప్రసంగానిది.

తెలియనివాళ్ల కోసం జరిగింది చెప్తాను. మా పేటలో ఈ వేసవిలో కుళాయి నీళ్లు వాసన కొడుతున్నాయి. పైపు మురుగు కాలువలోంచి పోతుంది, ఎక్కడో చిల్లు పడింది. పట్టిన నీళ్లు బిందెలో గంట ఉంచితే అడుగున నల్లటి మడ్డి. చిన్నపిల్లలకు వాంతులు, విరేచనాలు. చూడాల్సిన ఆఫీసు చుట్టూ ఆడవాళ్లు, మగవాళ్లు తిరిగి తిరిగి అలిసిపోయారు. చివరికి ఒక సోమవారం పేట కుర్రాళ్లు పద్దెనిమిది మంది ఆ నీళ్లు ఒక సీసాలో పట్టుకుని, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి పోయి అర్జీ ఇచ్చారు, రసీదు తీసుకున్నారు. బయటికొచ్చి సీసాతో ఒక ఫొటో దిగారు. ఆ ఫొటో వాట్సాప్‌లో తిరిగింది.

పేటలో ఏ పనైనా తన చేతుల మీదుగా జరగాలనుకునే నాయకుడు ఒకాయన ఉన్నాడు. ఆయనకది నచ్చలేదు. "నన్ను అడక్కుండా కలెక్టరు దగ్గరికి పోతారా" అన్నాడట. ఆ శుక్రవారం ఆయన మన మసీదుకే వచ్చి మొదటి వరుసలో కూర్చున్నాడు. రావడంలో తప్పేముంది, అల్లాహ్ ఇల్లు అందరిదీ. కానీ ఆరోజు మీరు ఎత్తుకున్న ఆయతు (ఖురాన్ వాక్యం) ఇది: "అతీవుల్లాహ వ అతీవుర్రసూల వ ఉలిల్ అమ్రి మిన్‌కుమ్." అల్లాహ్‌కు లోబడండి, ప్రవక్తకు లోబడండి, మీలో అధికారం గలవారికీ. అక్కడ ఆపి ఇరవై నిమిషాలు ఉర్దూలో చెప్పారు. పెద్దల మాట దాటడం ఫిత్నా, అంటే జనంలో కల్లోలం రేపడం అన్నారు. ఖలీఫా మీద తిరగబడిన పాతకాలపు వర్గం ఖవారిజులు ఇలాగే మొదలుపెట్టారన్నారు. హాకిమ్ (పాలకుడు) వీపు మీద కొట్టినా, సొమ్ము లాక్కున్నా విని లోబడమని హదీసు (ప్రవక్త మాట) ఉందన్నారు. వెనక వరుసల్లో ఆ కుర్రాళ్లు తల దించుకుని కూర్చున్నారు.

నేను దూదేకుల ఇంటివాణ్ణి. మా ఇంట్లో తెలుగే. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు, ఆయనకు ఉర్దూలో సలాము తప్ప ఇంకో ముక్క రాదు. నాకొచ్చిన ఉర్దూ కూడా ఉద్యోగంలో చేరాక తోటి ఉర్దూ టీచర్ల పక్కన కూర్చుని టీ తాగుతూ నేర్చుకున్నదే. మన జమాత్‌లో నాలాంటి ఇళ్లవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మీ బయాను వాళ్లకు ఎలా చేరిందంటే, నమాజు అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఒకాయన నన్ను అడిగాడు: "ఏం మాస్టారూ, కలెక్టరాఫీసుకు పోగూడదని ఖురాన్‌లోనే ఉందంట గదా?"

ఆ ప్రశ్న నన్ను మూడు వారాలుగా నిద్రపోనివ్వలేదు. సోషల్ మాస్టరుగా బతుకంతా ఆన్సరు పేపర్లు దిద్దినవాణ్ణి. సగం రాసి ఆపేసిన జవాబు కనబడితే పెన్ను ఊరుకోదు.

ఆ ఆయతు మీరు ఆపిన చోట ఆగదు హజ్రత్. అన్నిసా సూరాలో 59వ ఆయతు అది. తర్వాతి మాట "ఫ ఇన్ తనాజాతుమ్ ఫీ షైఇన్" అని మొదలవుతుంది. మీ మధ్య ఏ విషయంలోనైనా తగవు వస్తే, మీకు అల్లాహ్ మీదా అంతిమ దినం మీదా నమ్మకం ఉంటే, దాన్ని అల్లాహ్ ముందుకూ ప్రవక్త ముందుకూ తీసుకుపొండి, అదే మేలు, అని. అంటే లోబడమన్న అదే ఊపిరిలో తగవు వస్తుందని కూడా ఒప్పుకుంది. వచ్చినప్పుడు తీర్పరి ఎవరో చెప్పింది. అధికారం ఉన్నాయన దగ్గరికే పోయి ఆయన ఏమంటే అది వినండి అనలేదు. తగవు పడినవాళ్లు మా మనుషులు కాదనీ అనలేదు.

ఇంకో సంగతి మీకు తెలియనిది కాదు, పిల్లలకు తెలియాలని రాస్తున్నాను. ఆ వాక్యంలో "అతీవూ", అంటే "లోబడండి" అన్న మాట అల్లాహ్ ముందు ఒకసారి, ప్రవక్త ముందు మరోసారి వస్తుంది. అధికారుల ముందు రాదు. వాళ్లను వెనక మాటకు తగిలించి వదిలేసింది. పాత వ్యాఖ్యాతలు దీన్ని గమనించి రాశారు: అధికారికి సొంతంగా విధేయత లేదు, పై రెండింటికి లోబడి ఉన్నంతవరకే ఆయనకూ ఉంటుంది అని. ఒక్క క్రియాపదం లేకపోవడంలో ఇంత ఉంది. తెలుగులో చెప్పేటప్పుడు మనం మూడుచోట్లా "లోబడండి" పెట్టేస్తాం, ఆ తేడా కాస్తా మాయమైపోతుంది.

దానికి ముందున్న 58వ ఆయతును కూడా వదిలేశారు. అమానతులు (నమ్మి మీ చేతికిచ్చినవి) ఎవరివి వాళ్లకు అప్పగించండి, మనుషుల మధ్య తీర్పు చెప్పేటప్పుడు న్యాయంగా చెప్పండి అని అల్లాహ్ ఆజ్ఞాపిస్తున్నాడు, అని. మొదటిది ఏలేవాళ్లకు, రెండోది ఏలబడేవాళ్లకు అని పండితులు చెప్పారు. పాతకాలపు పండితుడు ఇబ్న్ తైమియా పరిపాలన మీద రాసిన పుస్తకాన్ని మొత్తం ఈ రెండు ఆయతుల మీదే నిలబెట్టాడు. వరుస చూడండి, ముందు ఏలేవాడి బాధ్యత, తర్వాతే జనం విధేయత. మొదటి వరుసలో నాయకుడు కూర్చున్న రోజున 58 చదివి ఉంటే ఎంత బాగుండేది! ఆ మాట వినాల్సిన మనిషి మీకు రెండు గజాల దూరంలో ఉన్నాడు.

ఇప్పుడు మంట సంగతి. ఇది మీరే పదేళ్ల కిందట రంజాన్‌లో చెప్పారు, నాకు గుర్తుంది.

ప్రవక్త (స) ఒక చిన్న దళాన్ని పంపుతూ ఒకాయన్ని నాయకుడిగా పెట్టి, ఆయన మాట వినమని చెప్పారు. దారిలో ఏదో విషయంలో ఆ నాయకుడికి వీళ్ల మీద కోపం వచ్చింది. "నా మాట వినమని ప్రవక్త మీకు చెప్పలేదా?" అన్నాడు. చెప్పారు అన్నారు. "అయితే కట్టెలు ఏరండి." ఏరారు. "అంటించండి." అంటించారు. "ఇక ఇందులోకి దూకండి." కొందరు దూకడానికే సిద్ధమయ్యారు. మిగతావాళ్లు ఒకరినొకరు పట్టి ఆపుకున్నారు. "ఈ మంట తప్పించుకోవడానికే కదా మనం ప్రవక్త దగ్గరికి పరిగెత్తుకొచ్చింది" అన్నారు. అలా తటపటాయిస్తూ ఉండగానే మంట ఆరిపోయింది, ఆయన కోపమూ చల్లారింది. తిరిగొచ్చి చెప్తే ప్రవక్త అన్నారు: వాళ్లు అందులోకి దూకి ఉంటే ఇక ఎన్నటికీ బయటికి వచ్చేవాళ్లు కాదు. విధేయత మంచి పనిలోనే.

బుఖారీ, ముస్లిం అనే హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది, హజ్రత్ అలీ చెప్పిన హదీసు ఇది. పైగా 59వ ఆయతే ఇలాంటి ఒక దళ నాయకుడు అబ్దుల్లా బిన్ హుజాఫా విషయంలో దిగిందని ఇబ్న్ అబ్బాస్ చెప్పినట్టు బుఖారీలో ఉంది. కొందరు వ్యాఖ్యాతలు ఆ రెండు సంఘటనల్నీ ముడిపెట్టి చూశారు. అంటే లోబడమన్న ఆయతు పక్కనే పుట్టుక నుంచీ ఈ మంట మండుతూ ఉంది. ఎంతవరకు లోబడాలి అన్న ప్రశ్న తర్వాత ఎవరో తెలివిమీరినవాళ్లు లేపింది కాదు.

ఈ కథ వింటే నాకు గూగూడు గుర్తొస్తుంది. మా అమ్మ పుట్టిల్లు అనంతపురం జిల్లా నార్పల దగ్గర. చిన్నప్పుడు మొహర్రంకు గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి పోయేవాళ్లం. తెల్లవారుజామున పీర్లు గుండం తొక్కేటప్పుడు నన్ను మామ భుజాల మీద ఎక్కించుకునేవాడు. హిందువులే ఎక్కువ ఆ గుంపులో. ఆ పక్క ఊళ్లలో ఇంటికో కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ ఉంటారు. మీకు పీర్ల పండుగ ఇష్టం లేదని, బిద్అత్ (మతంలో లేనిది కొత్తగా చేర్చడం) అంటారని తెలుసు. ఆ వాదన ఇప్పుడు పెట్టుకోను. నేను చెప్పేది ఒకటే: గూగూడులో నిప్పుల మీద నడిచేవాడు తన మొక్కు కోసం నడుస్తాడు, ఎవడూ వెనక నుంచి నెట్టడు. ఒకడి కోపం చల్లారడానికి ఇంకొకడు నిప్పుల్లో దూకడం వేరే సంగతి. మా సీమలో అదీ చూశాం.

ఆ పండుగ దేని మీద నిలబడిందో కూడా మరిచిపోతాం. హిజ్రీ 61, అంటే 680లో ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్‌ను అడిగింది ఒక్క బైఅత్. అప్పటి పాలకుడు యజీద్ చేతిలో చెయ్యి పెట్టి నువ్వే మా అధికారివి అనడం. ఆ ఒక్క మాట అనలేదు. కర్బలాలో ఆయన్ని ఎలా చంపారో సీమలో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. ఆయన్ని ఖవారిజ్ అని మీరు అనరు. ఎవరూ అనరు.

అయితే మీ పక్షం మాట కూడా నేను చెప్పాలి, లేకపోతే నేనూ సగమే చదివినట్టు.

లోబడి ఉండండి, తిరగబడకండి అని మన పండితుల్లో చాలామంది గట్టిగా చెప్పారు. హబషీ (ఇథియోపియా) బానిసను మీ మీద నియమించినా విని లోబడండి అన్న హదీసు బుఖారీలో ఉంది. వాళ్లు ఆ మాట పట్టుకున్నది రాజులకు భయపడి కాదు, లేదా ఒక్క దానికే కాదు. వాళ్లు చూసిన రక్తం అలాంటిది. 656లో మూడో ఖలీఫా హజ్రత్ ఉస్మాన్‌ను ఇంట్లో ఖురాన్ చదువుతుండగా చంపారు. ఆ ఏడే జమల్ యుద్ధం, మరుసటేడు సిఫ్ఫీన్. తర్వాత కర్బలా. 683లో మదీనా నగరాన్నే దోచుకున్నారు. ముస్లిం కత్తి ముస్లిం మెడ మీద పడిన ఆ పాతికేళ్లు వాళ్ల మనసుల్లోంచి పోలేదు. ఒక్క రాత్రి పాలకుడు లేకుండా ఉండేకంటే అరవై ఏళ్లు దుర్మార్గుడైన పాలకుడు నయం అన్న మాటను ఇబ్న్ తైమియా తన పుస్తకంలో రాశాడు.

ఆ ఒక్క రాత్రి ఎలా ఉంటుందో మా సీమవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఫ్యాక్షన్ ఊళ్లో ఉద్యోగం చేశాను నేను. సాయంత్రం ఐదు తర్వాత వీధిలో కుక్క కూడా తిరిగేది కాదు. క్లాసులో సగం బెంచీలు ఒక వర్గం పిల్లలవి, సగం రెండో వర్గానివి. నాటుబాంబు పేలితే పిల్లలు ఎవరి వైపు నుంచో చప్పుడును బట్టి చెప్పేవాళ్లు. అందుకే "ఫిత్నా" అన్న మాట మీరు మింబర్ (ప్రసంగ వేదిక) మీద అంటే నాకు నవ్వులాట కాదు. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను.

కానీ ఆ ఊళ్లో ఆ రక్తం ఎందుకు పారిందో కూడా చూశాను. ఎవరో ధిక్కరించినందుకు కాదు. "అన్న చెప్పినాడు" అన్నందుకు. కొడవలి పట్టినవాడిని ఎందుకు చేశావురా అంటే వాడి దగ్గర ఉన్న జవాబు ఆ రెండు మాటలే. ఖురాన్‌లో అహ్‌జాబ్ సూరాలో నరకంలో పడ్డవాళ్లు మొరపెట్టుకుంటారు కదా, ప్రభూ, మేము మా నాయకులకు, మా పెద్దలకు లోబడ్డాము, వాళ్లు మమ్మల్ని దారి తప్పించారు అని. ఆ ఆయతు చదివినప్పుడల్లా నాకు ఆ ఊరి మొహాలే కనబడతాయి. కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే.

ఇక మీరు చెప్పిన వీపు హదీసు. ముస్లింలో ఉంది, హుజైఫా చెప్పింది. దాని సనద్‌లో, అంటే చెప్పినవాళ్ల వరుసలో, ఒక తెంపు ఉందని హదీసు పండితుడు దారఖుత్నీ అన్నాడు. మరో పండితుడు నవవీ ఆ మాట ఒప్పుకుంటూనే హదీసు సారం మరో దారిలో నిలుస్తుందన్నాడు. ఆ చర్చ మీ పని, నాది కాదు. నా చిన్న బుద్ధికి తోచేది వేరు. నా వీపు మీద దెబ్బ పడితే నేను ఓర్చుకోవచ్చు. నా జేబులో డబ్బు పోతే అల్లాహ్ చూసుకుంటాడు అనుకోవచ్చు. పక్కింటి రెండేళ్ల పాప కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే దాన్ని నేను ఓర్చుకోవడం ఏం సబర్ (సహనం)? ఆ నొప్పి నాది కాదు, దాన్ని క్షమించే హక్కు నాకెక్కడిది?

కత్తి పట్టకపోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు. ఈ రెంటినీ ఒకే గంపలో వేశారు మీరు. మన ఇమాములెవరూ అలా వేయలేదు. మనమంతా ఇమామ్ అబూ హనీఫా దారిలో నడిచే హనఫీలం. ఆయన్ని ఉమయ్యా వంశపు పాలకుల గవర్నరు ఇబ్న్ హుబైరా పదవి తీసుకోమంటే తీసుకోలేదు, కొరడా దెబ్బలు తిన్నాడు. తర్వాత అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఖాజీగా ఉండమన్నాడు. వద్దన్నాడు, జైల్లో పెట్టారు. 767లో బాగ్దాదులో పోయాడు. ఇమామ్ మాలిక్, బలవంతంగా చెప్పించిన తలాక్ చెల్లదు అన్నాడు. అందులో రాజకీయం ఏముందని మనకు అనిపిస్తుంది. మదీనా గవర్నరుకు మాత్రం వెంటనే అర్థమైంది: బలవంతపు తలాక్ చెల్లకపోతే బలవంతపు బైఅత్ కూడా చెల్లదు కదా! కొరడాలతో కొట్టించాడు.

అందరికంటే నాకు నచ్చేది ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్. 833లో ఖలీఫా మామూన్, ఖురాన్ సృష్టించబడింది అని పండితులంతా ఒప్పుకోవాలని హుకుం జారీ చేశాడు. చాలామంది ఒప్పుకున్నారు. అహ్మద్ ఒప్పుకోలేదు. గొలుసులు వేశారు. తర్వాతి ఖలీఫా ముఅతసిమ్ కాలంలో స్పృహ తప్పేలా కొట్టారు. అయినా ఆ మాట అనలేదు. కొన్నేళ్లకు వాసిఖ్ ఖలీఫాగా ఉన్నప్పుడు బాగ్దాదు ఫఖీహులు (ధర్మశాస్త్ర పండితులు) కొందరు ఆయన దగ్గరికి వచ్చి, ఇక మేము ఈయన్ని పాలకుడిగా ఒప్పుకోం అన్నారు. దెబ్బలు తిన్న ఆ మనిషే వద్దన్నాడు. మనసులో తిరస్కరించండి, విధేయత నుంచి చెయ్యి వెనక్కి తీసుకోకండి, మీ రక్తం, ముస్లింల రక్తం పారించకండి అన్నాడు. తప్పును తప్పు అని అనడం మానలేదు, కత్తి తీయనూ లేదు. మీ బయానులో ఆయన రెండో సగమే వచ్చింది. మొదటి సగం లేకపోతే రెండో సగానికి విలువేముంది? ఒక్క దెబ్బ కూడా తినకుండా "ఓపిక పట్టండి" అనడం మనలాంటి ఎవరికైనా వస్తుంది.

అరవై ఏళ్ల మాట రాసిన ఇబ్న్ తైమియా కూడా 1328లో డమాస్కస్ కోటలో ఖైదీగానే చనిపోయాడు. మాట వినేవాడైతే ఆయన్ని ఖైదులో ఎందుకు పెడతారు?

పాలకుడికి చెప్పదలుచుకుంటే నలుగురిలో చెప్పకు, చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి చెప్పు అన్న హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉంది కదా అంటారు మీరు. బాగానే ఉంది. పిల్లలు ముందు చేసింది అదే. ఆఫీసులో ఒక్కొక్కరి టేబులు దగ్గరికీ పోయి నెమ్మదిగానే అడిగారు. ఈ ఉత్తరానికి ముందు నేను చేసిందీ అదే. చెయ్యి పట్టుకోనివ్వాలి కదా హజ్రత్. జులుం చేసే పాలకుడి ముందు న్యాయమైన మాట అనడం ఉత్తమ జిహాద్ అన్న హదీసు కూడా అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది. ఇక్కడ జులుం, జిహాద్ అంత పెద్ద మాటలు కూడా వద్దు. పైపుకు చిల్లు పడింది, అంతే.

కర్నూలు వాళ్లం, అధికారం ఎంత తొందరగా చేతులు మారుతుందో మనకు పుస్తకాలక్కర్లేదు. హంద్రీ ఒడ్డున గోల్ గుంబజ్ ఉంది, బీజాపూర్ సుల్తానుల తరఫున ఈ ఊరిని ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. అంతకుముందు విజయనగరం. తర్వాత మొగలులు, వాళ్ల పేరు మీద పఠాన్ నవాబులు, వాళ్ల మీద నిజాం, మైసూరు హైదర్ అలీ, 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీ పెత్తనం. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేశాడని 1839లో కంపెనీ దండు వచ్చి పట్టుకుని తిరుచిరాపల్లికి పంపింది. మరుసటేడు అక్కడే హత్యకు గురయ్యాడు. పాత రోజుల్లో జుమ్మా ఖుత్బాలో (ప్రసంగంలో) ఎవరి పేరు చదివితే వాళ్లదే రాజ్యం. నాణెం మీద పేరు, ఖుత్బాలో పేరు, ఆ రెండే గుర్తులు. ఈ ఊరి మసీదుల్లో ఆ పేరు ఎన్నిసార్లు మారి ఉంటుందో! ఉలిల్ అమ్ర్ (అధికారం గలవారు) అంటే ఇప్పుడు గద్దె మీద ఎవరుంటే వాళ్లే అనుకుంటే, నిన్నటి బయాను ఈ రోజుకు పనికిరాదు. నిన్న ఆయనకు లోబడటం ఫర్జ్ (తప్పనిసరి విధి), ఈ రోజు ఆయన్ని పట్టుకుపోయినవాళ్లకు లోబడటం ఫర్జ్.

అసలు ఉలిల్ అమ్ర్ ఎవరు అన్నదే తేలని మాట. సేనానులు, పాలకులు అని ప్రవక్త సహచరుడు అబూ హురైరా, వ్యాఖ్యాత తబరీ మొగ్గు చూపింది కూడా అటే. కాదు, ఫిఖ్ (ధర్మశాస్త్రం) తెలిసిన పండితులు అని ముజాహిద్ లాంటి పాత వ్యాఖ్యాతలు. షియాలు తమ ఇమాములంటారు. ఏ లెక్కలో చూసినా మన పేట నాయకుడు అందులోకి రాడు. ఆయనకు ఏ పదవీ లేదు. సర్కారు సంతకం పెట్టే అధికారం లేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక తెల్ల కారు, నలుగురు మనుషులు, పండక్కి ఫ్లెక్సీ.

మరి మన దేశంలో ఆ మాట ఎవరికి వర్తిస్తుంది? "మిన్‌కుమ్", అంటే "మీలోని" అని ఉంది, ఇక్కడ ప్రభుత్వం అన్ని మతాలవాళ్లదీ. మన ఉలమా (మత పండితులు) దీనికి దారి ఒప్పందంలో చూశారు. మాయిదా సూరా మొదటి ఆయతే ఒప్పందాలు నెరవేర్చండి అంటుంది. హిందువులు, ముస్లింలు కలిసి ఒక దేశంగా ఉండటానికి మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ చూపించిన ఆధారం, ప్రవక్త మదీనాలో యూదులను కూడా కలుపుకుని చేసుకున్న మదీనా ఒడంబడికే. ఆయనే 1921లో, బ్రిటిష్ సైన్యంలో కొలువు హరాం అన్నందుకు అలీ సోదరులతో పాటు కరాచీ కోర్టు బోనులో నిలబడ్డాడు. మరుసటేడు కలకత్తా కోర్టులో మౌలానా ఆజాద్, ఈ ప్రభుత్వం జులుం చేస్తోంది అని చెప్పడం ముస్లింగా తన విధి అన్నాడు, ఏడాది జైలు పడింది. ఆ తర్వాత మనం రాసుకున్న ఒప్పందం రాజ్యాంగం. అందులో 19వ అధికరణ మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా శాంతంగా గుమికూడే హక్కు ఇచ్చింది. ఒప్పందం నెరవేర్చడమంటే పన్ను కట్టడం, సిగ్నల్ దగ్గర ఆగడం ఒక్కటేనా? అందులో రాసిన హక్కు వాడుకోవడం కూడా కాదా?

ఇంకా చిన్నగా చెప్తాను. ప్రతి సోమవారం వచ్చి మీ కష్టాలు రాసివ్వండి అని పిలిచింది ఎవరు? ప్రభుత్వమే. పిలిస్తే వెళ్లినవాళ్లు ఎవరు? ఆ పద్దెనిమిది మంది. వద్దని అడ్డం పడింది ఏ పదవీ లేని మనిషి. హజ్రత్, మీ ఆయతు లెక్కన చూసినా ఆ శుక్రవారం మసీదులో అధికారం గలవారికి లోబడి ఉన్నది వెనక వరుస కుర్రాళ్లే.

పిల్లలు కూడా నెత్తిన పెట్టుకోవాల్సినవాళ్లేమీ కాదు. వాళ్లలో ఒకడు ఆ నాయకుడి మీద వాట్సాప్‌లో ఒక బూతు మాట పెట్టాడు. పిలిచి తిట్టాను. ఫిరౌన్ (ఈజిప్టు రాజు) అంతటివాడి దగ్గరికి పంపుతూ కూడా ప్రవక్తలు మూసా, హారూన్‌లకు అల్లాహ్ మెత్తగా మాట్లాడమన్నాడు, మన పేట నాయకుడు ఫిరౌన్‌కంటే చెడ్డవాడా, నువ్వు మూసాకంటే గొప్పవాడివా అని అడిగాను. తుడిచేశాడు. ఈ ముక్క మీరు మింబర్ మీద చెప్పి ఉంటే నేను ముందు వరుసలోకి వచ్చి ఆమీన్ అనేవాణ్ణి.

మీ కష్టం నాకు తెలియదా? మీ జీతం కమిటీ చేతిలో ఉంది, కమిటీలో ఇద్దరు ఆయన మనుషులు. మీకు ముగ్గురు చిన్నపిల్లలు. గురువారం రాత్రి మీకు ఫోను వచ్చిందనీ విన్నాను. నిజమో కాదో నేను అడగను. మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ పగ్గాలు తీసుకున్న రోజే అన్నాడు: నేను మీ మీద నియమించబడ్డాను, మీలో మంచివాణ్ణి అని కాదు, నేను సరిగా చేస్తే సాయం చేయండి, తప్పితే సరిదిద్దండి, నేను అల్లాహ్‌కు, ప్రవక్తకు లోబడినంతవరకే నాకు లోబడండి అని. ఆ మాట ఎప్పుడైనా ఆ ఇద్దరికీ మీరు చదివి వినిపించలేకపోతే, ముతవల్లి గారు వినిపించాలి. ఈ ఉత్తరం ఆయనకు కూడా రాసింది అందుకే.

నేను అడిగేవి రెండే. వచ్చే జుమ్మాకు 58, 59 రెండు ఆయతులూ మొదటి నుంచి చివరిదాకా చదవండి, వ్యాఖ్యానం లేకపోయినా పర్వాలేదు. రెండోది, బయానులో ఐదు నిమిషాలు తెలుగులో చెప్పండి. మీ తెలుగు బాగానే ఉంటుంది, కూరగాయల మార్కెట్లో బేరం చేసేటప్పుడు విన్నాను. మెట్ల మీద నన్ను అడిగిన ఆయనకు నేను ఇచ్చిన జవాబు సరిపోలేదు. ఆయన నన్ను మాస్టారుగా నమ్ముతాడు గానీ, దీన్ (మతం) విషయంలో మీ నోటి నుంచి వస్తేనే నమ్ముతాడు.

నీళ్ల సంగతికి వస్తే, పైపు ఇంకా అలాగే ఉంది. మొదటి అర్జీ మీద ఒకాయన వచ్చి చూసి, ఫొటో తీసుకుని పోయాడు. ఈ సోమవారం రెండో అర్జీ ఇస్తున్నాం, ఈసారి నేనూ పోతున్నాను. పేట పెద్దలు సంతకాలు చేయాల్సిన చోట నాలుగు గీతలు గీశారు పిల్లలు. మూడు నిండాయి. నాలుగోది మీ కోసం ఖాళీగా ఉంచమన్నది కూడా వాళ్లే, నేను కాదు. కాగితం ఆదివారం ఇషా (రాత్రి నమాజు) దాకా మా ఇంట్లోనే ఉంటుంది.

వస్సలాం.

మీ మసీదు నమాజీ,
రిటైరైన సోషల్ మాస్టారు,
కర్నూలు